స్పోర్ట్స్ సైన్స్‌లో ఐదు సబ్జెక్టులు ఐదు దారుల్లో పోతుంటే, కలిపి చదవడం ఎలా?

మీరు అడిగింది ఇది: స్పోర్ట్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ మొదటి ఏడాది నడుస్తోంది. ఫిజియాలజీ, బయోమెకానిక్స్, సైకాలజీ, న్యూట్రిషన్, స్టాటిస్టిక్స్ దేనికదే అన్నట్టున్నాయి. లెక్కలంటే భయం. ఫిజియాలజీ ఒక్కటే గట్టిగా పట్టుకుని మిగతావి పాస్ మార్కులతో గట్టెక్కితే చాలా?

చాలదు. అలాగని ఐదింటికీ సమానంగా టైమ్ పంచమని కూడా చెప్పను. ఒక ప్రశ్న తీసుకోండి, దాని జవాబును అంకెల్లో రాబట్టండి, ఆ అంకెను పక్క సబ్జెక్టులోకి తీసుకెళ్లండి. కలిపి చదవడమంటే ఇంతే. నాలుగు సబ్జెక్టుల నుంచి నాలుగు పేరాలు రాసి వరసగా పేర్చిన అసైన్‌మెంట్లు చాలా వస్తుంటాయి. వాటిలో ఒక పేరా తీసేసినా మిగతా మూడూ చెక్కుచెదరవు. అంటే అక్కడ ఏదీ కలవలేదన్నమాట.

ఉదాహరణకి 60 కిలోల రన్నర్ ఒకరు, వీఓటూ మ్యాక్స్ (శరీరం గరిష్ఠంగా వాడగల ఆక్సిజన్) 60 మి.లీ./కిలో/నిమిషం అనుకోండి. 10 కి.మీ. 40 నిమిషాల్లో పూర్తి చేయాలన్నది లక్ష్యం. రేసులో మొదటి కిలోమీటరు 3 నిమిషాల 40 సెకన్లలో కొట్టి, ఆరో కిలోమీటరు నుంచి క్రమంగా వెనకబడ్డారు. ఎందుకు?

విద్యార్థులు ముందు రాసే జవాబు "గ్లైకోజెన్ అయిపోయింది", అంటే ఒంట్లో నిల్వ ఉండే కార్బోహైడ్రేట్ అయిపోయిందని. లెక్క వేద్దాం. పరుగుకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన ఫార్ములా ఇలా ఉంటుంది: ఆక్సిజన్ వినియోగం = 3.5 + (0.2 × వేగం) + (0.9 × వేగం × వాలు). వేగాన్ని నిమిషానికి మీటర్లలో, వాలును దశాంశంలో వేయాలి. గంటకు 15 కి.మీ. అంటే నిమిషానికి 250 మీటర్లు. చదునైన దారి మీద 3.5 + 50 = 53.5 మి.లీ./కిలో/నిమిషం. దాన్ని 60 కిలోలతో గుణిస్తే నిమిషానికి 3.21 లీటర్ల ఆక్సిజన్. లీటరు ఆక్సిజన్‌కు సుమారు 5 కిలోకేలరీల చొప్పున నిమిషానికి 16, అంటే 40 నిమిషాలకు 640 కిలోకేలరీలు. అదంతా కార్బోహైడ్రేట్ నుంచే వచ్చిందనుకున్నా 160 గ్రాములు. సరిగ్గా తిని వచ్చిన మనిషి కండరాల్లో, కాలేయంలో కలిపి 400 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది. కాబట్టి ఆ జవాబు నిలబడదు. అదే మారథాన్ అయితే, కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కిలోకేలరీ చొప్పున 2,530 కిలోకేలరీలు, కార్బోహైడ్రేట్ లెక్కలో 630 గ్రాములు. అక్కడ గ్లైకోజెన్ మాట ఎత్తితే అర్థముంది.

మరి కారణం ఎక్కడుంది? ఆ మొదటి కిలోమీటర్లో. 3:40 అంటే నిమిషానికి దాదాపు 273 మీటర్లు. అదే ఫార్ములాలో వేస్తే 58 మి.లీ., అంటే వీఓటూ మ్యాక్స్‌లో 97 శాతం. సగటు వేగంతో మొదలుపెట్టి ఉంటే 89 శాతం దగ్గరే ఉండేవారు. అంత ఎక్కువ తీవ్రత దగ్గర లాక్టేట్, హైడ్రోజన్ అయాన్లు, ఫాస్ఫేట్ పేరుకుంటాయి. తర్వాత వేగం తగ్గించినా ఆ భారం వెంటనే దిగదు.

అలాంటప్పుడు అంత వేగంగా ఎందుకు మొదలుపెట్టారన్నది సైకాలజీ ప్రశ్న. దాని జవాబులో సగం మళ్లీ ఫిజియాలజీలోనే ఉంది. పరుగు మొదలయ్యాక ఆక్సిజన్ వినియోగం అవసరమైన మట్టానికి చేరడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఊపిరి, గుండె వేగం కూడా వెంట వెంటనే పెరగవు. శరీరం చెప్పే ఆలస్యపు సమాచారం మీద ఆధారపడి "ఇప్పుడెంత కష్టంగా ఉంది" అని అంచనా వేసుకుంటే, మొదటి నిమిషంలో ఏ వేగమైనా తేలిగ్గానే అనిపిస్తుంది. పక్కన పదిమంది దూసుకుపోతుంటే ఆ అంచనా ఇంకా చెడుతుంది. అందుకే మొదటి కిలోమీటరును ఒంటి మాట విని కాకుండా గడియారం చూసి పరిగెత్తమని కోచ్‌లు చెప్తారు.

ఇక బయోమెకానిక్స్. గంటకు 15 కి.మీ. అంటే కిలోమీటరుకు 4 నిమిషాలు, కాబట్టి ఈ రన్నర్ ఖర్చు 53.5 × 4 = 214 మి.లీ./కిలో/కి.మీ. ఇదే వీఓటూ మ్యాక్స్ ఉన్న మరో రన్నర్ ఖర్చు 195 అయితే, అదే వేగానికి ఆ మనిషికి 81 శాతమే పడుతుంది. దీన్నే రన్నింగ్ ఎకానమీ అంటారు. స్నాయువుల గట్టిదనం, పాదం నేలను తాకే చోటు, కాలి కింది భాగం బరువు, షూ, ఇవన్నీ ఆ ఒక్క అంకెలోకి వచ్చి చేరతాయి. గమనించారా, ఫార్ములా సగటు మనిషి ఖర్చును చెప్తుందే గానీ మీ ముందున్న మనిషి ఖర్చును కాదు. ల్యాబ్‌లో కొలిచిన అంకె ఉంటే ఫార్ములా పక్కన పెట్టేయండి.

ఎకానమీ కొలిచేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు వేగం ఎంపికలో ఉంటుంది. లాక్టేట్ థ్రెషోల్డ్ (రక్తంలో లాక్టేట్ పేరుకోవడం మొదలయ్యే వేగం) కంటే తక్కువ వేగంలోనే కొలవాలి. ఒక్కో వేగం దగ్గర 4 నుంచి 6 నిమిషాలు పరిగెత్తించి, చివరి ఒకటి రెండు నిమిషాల సగటు తీసుకోండి. శ్వాస వాయువుల నిష్పత్తి (వదిలిన కార్బన్ డయాక్సైడ్ ÷ వాడిన ఆక్సిజన్) 1.0 దాటిందంటే ఆ స్టేజిని వదిలేయండి. థ్రెషోల్డ్ పైన వేగం మారకపోయినా ఆక్సిజన్ వినియోగం మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది, స్థిరమైన విలువంటూ దొరకదు. ట్రెడ్‌మిల్‌కు 1 శాతం వాలు పెట్టడం బయటి గాలి నిరోధానికి సరిపెట్టడం కోసం. ఇది 1996లో జోన్స్, డౌస్ట్ చేసిన పనితో స్థిరపడింది. చాలా నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకు ఆ సవరణ పెద్దగా అక్కర్లేదు.

ఈ కలయిక పాఠ్యపుస్తకాల సర్దుబాటు కాదు, ఈ రంగంలో అసలు వాదాలన్నీ ఈ సరిహద్దుల మీదే జరిగాయి. కండరంలో వేడి పుట్టుకపై పరిశోధనకు 1922 నోబెల్ అందుకున్న ఏ.వి. హిల్, ఆక్సిజన్ అందించే శక్తికి ఉన్న హద్దే మనిషిని ఆపుతుందన్న ఆలోచనకు పునాది వేశారు. 2009లో మార్కోరా బృందం సైకిల్ తొక్కేవాళ్లకు ముందు 90 నిమిషాలు మెదడు అలిసే పని ఇచ్చి, తర్వాత ఒకే పవర్ దగ్గర ఓపిక ఉన్నంతసేపు తొక్కించింది. గుండె, శ్వాస, లాక్టేట్ లెక్కల్లో తేడా ఏమీ కనిపించలేదు, అయినా వాళ్లు ముందే ఆగిపోయారు. మారిందల్లా వాళ్లకు అనిపించిన కష్టం. 2004లో కార్టర్, యూకెన్‌డ్రప్, జోన్స్ ఇంకో వైపు నుంచి వచ్చారు. దాదాపు గంట పట్టే సైకిల్ టైమ్ ట్రయల్‌లో కార్బోహైడ్రేట్ ద్రవాన్ని పుక్కిలించి ఉమ్మేసినా సమయం సుమారు 3 శాతం మెరుగైంది. మింగలేదు కాబట్టి ఇంధనం చేరలేదు. దీన్ని న్యూట్రిషన్ కింద చదవాలా, సైకాలజీ కిందా, నాడీ శాస్త్రం కిందా? ఈ రెండు పేపర్లనూ పద్ధతుల భాగంతో సహా పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక సెమిస్టర్ నోట్సు కంటే ఎక్కువ వస్తుంది.

గాయాల వైపు నుంచి ఇంకో చిన్న ఉదాహరణ. ఒక అమ్మాయి రన్నర్‌కు మోకాలి కింది ముందు ఎముకలో స్ట్రెస్ గాయం (పదే పదే పడే భారానికి ఎముక దెబ్బతినడం). బయోమెకానిక్స్ మాత్రమే తెలిసినవాళ్లు నేలను తాకే బలం, అడుగుల లెక్క, వారం మైలేజీ చూస్తారు. అవి చూడాల్సిందే. కానీ ఆమె కొవ్వు తీసేసిన శరీర బరువు 45 కిలోలు, రోజుకు 2,000 కిలోకేలరీలు తింటోంది, శిక్షణలో 700 ఖర్చవుతోంది అనుకోండి. మిగిలిన 1,300ను 45తో భాగిస్తే 29. ఈ అంకె చాలాకాలం 30 కంటే కింద ఉంటే నెలసరి, హార్మోన్లు, ఎముక నిర్మాణం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి స్పోర్ట్‌లో సాపేక్ష శక్తి లోపం అన్న అర్థంలో పేరు పెట్టింది. 30 అన్నది గీసిన గీత కాదు, మనిషిని బట్టి మారుతుంది. తిన్నది రాసుకునే డైరీలో తప్పులూ ఎక్కువే, జనం సాధారణంగా తక్కువే రాస్తారు. అయినా ఆ ఒక్క భాగహారం చేయకుండా ఆమె అడుగు తీరు మార్చడానికి పూనుకోవడం పొరపాటు. అనుమానం రాగానే డాక్టర్ దగ్గరికి పంపాలి, అది మన పరిధి కాదు.

లెక్కల భయం సంగతి. ఈ కోర్సుకు రోజూ కావాల్సింది యూనిట్లు మార్చడం, గ్రాఫ్ వాలు, గ్రాఫ్ కింది వైశాల్యం, సైన్ కొసైన్లతో ఒక బలాన్ని రెండు దిశలుగా విడదీయడం, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె). ఫోర్స్ ప్లేట్ (కాళ్లు నేలను నెట్టే బలాన్ని కొలిచే పలక) మీద ఒక్క కౌంటర్‌మూవ్‌మెంట్ జంప్‌ను (మోకాళ్లు వంచి వెంటనే పైకి ఎగరడం) సాఫ్ట్‌వేర్ సాయం లేకుండా స్ప్రెడ్‌షీట్‌లో లెక్క కడితే వీటిలో చాలావరకు పట్టుబడతాయి.

ప్లేట్ మీద ఎవరూ లేనప్పుడు జీరో చేయండి. శాంప్లింగ్ 1000 హెర్ట్జ్. మనిషి ఎక్కి, చేతులు నడుం మీద పెట్టుకుని, కనీసం ఒక సెకను కదలకుండా నిలబడాలి. ఆ సెకను సగటే శరీర బరువు, న్యూటన్లలో. బలం ఆ సగటు నుంచి నిలబడిన సెకను స్టాండర్డ్ డీవియేషన్‌కు ఐదు రెట్లు తొలగిన క్షణాన్ని కదలిక మొదలుగా తీసుకోవడం వాడుక. అక్కడి నుంచి పాదం లేచేదాకా ప్రతి విలువలోంచి శరీర బరువు తీసేసి, మిగిలినదాన్ని 0.001 సెకనుతో గుణించి కూడుకుంటూ పోండి. వచ్చేది ఇంపల్స్. ద్రవ్యరాశితో భాగిస్తే లేచేటప్పటి వేగం. ఆ వేగం వర్గాన్ని 19.62తో భాగిస్తే ఎత్తు, మీటర్లలో.

రెండో దారి గాల్లో ఉన్న సమయం. ఎత్తు = 9.81 × సమయం వర్గం ÷ 8. గాల్లో 0.50 సెకను ఉంటే 30.7 సెం.మీ. అదే మనిషి మోకాళ్లు వంచి దిగితే పాదం నేలను తాకడం ఆలస్యమై సమయం 0.52 కావచ్చు. అప్పుడు 33.2 సెం.మీ. ఆ రెండున్నర సెంటీమీటర్లు కాళ్ల బలం వల్ల రాలేదు, దిగిన తీరు వల్ల వచ్చాయి. ఇంపల్స్ పద్ధతికి ఈ జబ్బు లేదు, దానికి వేరే జబ్బు ఉంది. 70 కిలోల మనిషి నిలబడిన సెకనులో కాస్త ఊగడం వల్ల బరువు ఒక శాతం తక్కువ పడిందనుకోండి. దాదాపు 7 న్యూటన్ల తప్పు 0.8 సెకను పాటు కూడుకుని 5.5 న్యూటన్ సెకన్లవుతుంది, వేగంలో సెకనుకు 0.08 మీటర్లు. మొదట అనుకున్న 30.7కు ఇది 2 సెం.మీ. కలుపుతుంది. ఒక్క సెకను సరిగ్గా నిలబడనందుకు ఎనిమిది వారాల శిక్షణ ఫలితమంత అంకె పుట్టుకొస్తుంది. సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని ఏమీ అడగదు, ఎత్తు చూపించి ఊరుకుంటుంది.

ఫోన్ వీడియోతో కొలిచేవాళ్లకూ ఇదే లెక్క. స్ప్రింటర్ పాదం నేల మీద ఉండేది సుమారు 0.1 సెకను. సెకనుకు 60 ఫ్రేములైతే అది 6 ఫ్రేములు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే 17 శాతం తప్పు. 240 ఫ్రేములు పెడితే 4 శాతానికి దిగుతుంది. కొలత కర్రను మనిషి కదిలే గీతలోనే ఉంచి రికార్డు చేయాలి, వెనక గోడకు ఆనించి కాదు.

గ్యాస్ అనలైజర్ (వదిలిన గాలిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరం) దగ్గర జాగ్రత్తలు వేరు. రెండు బిందువుల దగ్గర క్యాలిబ్రేట్ చేయాలి: బయటి గాలి, అంటే ఆక్సిజన్ 20.93 శాతం, తర్వాత సిలిండర్ గ్యాస్, సాధారణంగా ఆక్సిజన్ 16, కార్బన్ డయాక్సైడ్ 4 లేదా 5 శాతం దగ్గర ఉండేది, కచ్చితమైన విలువ సిలిండర్ సర్టిఫికెట్ మీద ఉంటుంది. గాలి పరిమాణానికి 3 లీటర్ల సిరంజి, నెమ్మదిగానూ వేగంగానూ తోసి చూడాలి. గది కిటికీలు మూసేసి పదిమంది నిలబడితే "బయటి గాలి" ఇక 20.93 కాదు. వదిలిన గాలిలో ఆక్సిజన్‌ను శాతంలో పదో వంతు తప్పుగా చదివితే, నిమిషానికి 100 లీటర్ల వెంటిలేషన్ దగ్గర 0.1 లీటరుకు పైనే తప్పు. 60 కిలోల మనిషికి అది దాదాపు 2 మి.లీ./కిలో. ఊపిరితిత్తుల ఉష్ణోగ్రతలో ఉన్న తడి గాలి పరిమాణాన్ని 0 డిగ్రీల పొడి గాలికి మార్చడం మరిచిపోతే ఫలితం ఐదో వంతు పెరిగిపోతుంది. చేతి లెక్క రిపోర్టుల్లో కనిపించే 80, 85 వీఓటూ మ్యాక్స్‌లు ఎక్కువగా ఇక్కడ పుట్టినవే. లాక్టేట్ తీసేటప్పుడు చర్మాన్ని తుడిచి, ఆరనిచ్చి, మొదటి రక్తపు చుక్కను తుడిచేసి రెండోది తీసుకోండి, చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది.

ఇప్పుడు స్టాటిస్టిక్స్. నా ఉద్దేశంలో మీరు అశ్రద్ధ చేయకూడనిది ఇదొక్కటే. ముందుగా నేర్చుకోవాల్సింది పీ విలువ కాదు, కొలతలో ఉండే తప్పు. పదిమందిని కొద్ది రోజుల తేడాతో, మధ్యలో శిక్షణ మార్చకుండా, రెండుసార్లు పరీక్షించండి. ప్రతి ఒక్కరికీ రెండు విలువల తేడా తీసి, ఆ తేడాల స్టాండర్డ్ డీవియేషన్‌ను 2 వర్గమూలంతో భాగించండి. తేడాల డీవియేషన్ 2.1 వచ్చిందనుకుంటే మీ టైపికల్ ఎర్రర్ 1.5. ఒక వ్యక్తిలో మార్పు వచ్చిందని 95 శాతం నమ్మకంతో అనాలంటే 1.96 × 1.41 × 1.5, అంటే దాదాపు 4.2 దాటాలి. వీఓటూ మ్యాక్స్ 52 నుంచి 55కు పెరిగిన అథ్లెట్‌కు అభినందనలు చెప్పే ముందు ఈ అంకె చూసుకోవాలి. రెండు పరికరాల రీడింగులకు కోరిలేషన్ 0.95 ఉందని ఒకటి మానేసి ఇంకోటి వాడేయకండి. ఒకటి ఎప్పుడూ 5 ఎక్కువ చూపించినా కోరిలేషన్ చెక్కుచెదరదు. దానికి బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో చూపిన తేడాల గ్రాఫ్ గీయాలి. జట్టులో అతి బలహీనంగా చేసిన నలుగురిని ఎంచి వాళ్లకే శిక్షణ ఇస్తే, ఏమీ చేయకపోయినా రెండోసారి కొంత మెరుగుపడతారు. కంట్రోల్ గ్రూపు అడిగేది అందుకే.

సైకాలజీని "మామూలు తెలివితో రాసేయొచ్చు" అనుకునేవాళ్లు ఒక్క విషయం చూడాలి. షీ, మోర్గన్ 1979లో చేసిన ప్రయోగంలో ఒకే కదలికను వరసగా సాధన చేసినవాళ్లు సాధనలో బాగా చేశారు, కదలికలు కలగలిపి సాధన చేసినవాళ్లు అప్పుడు తడబడ్డారు. తర్వాత పెట్టిన పరీక్షలో తారుమారైంది. సాధన చివర చూసింది నేర్చుకోవడానికి కొలత కాదు. గ్యాప్ ఇచ్చి మళ్లీ పరీక్షించాలి. ఇది అర్థమైతే కోచింగ్ సెషన్ చూసే కన్నే మారుతుంది. బోర్గ్ 6–20 స్కేలు (ఎంత కష్టంగా ఉందో మనిషే అంకెలో చెప్పేది) వాడేటప్పుడు రెండు చివరలూ ముందే వివరించి చెప్పండి. పరీక్ష మధ్యలో ముసుగు పెట్టుకున్న మనిషికి చార్టు చూపించి "ఎంత?" అంటే వచ్చేది ఊహ. వీఓటూ మ్యాక్స్ పరీక్షలో ఒకరిని ఉత్సాహంగా అరిచి ప్రోత్సహించి, మరొకరి దగ్గర మౌనంగా నిలబడితే, మీరు కొలిచిన ఫిజియాలజీలో మీ గొంతు కూడా కలిసింది.

చదివే క్రమం ఇలా పెట్టుకుంటే నయం. మొదటి సెమిస్టర్లో అనాటమీ, యూనిట్లు, స్ప్రెడ్‌షీట్. అనాటమీలో ప్రతి కండరం మొదలూ చివరా బట్టీ కొట్టే ముందు, రెండు కీళ్లు దాటే కండరాలను పట్టుకోండి: హామ్‌స్ట్రింగ్స్, రెక్టస్ ఫెమోరిస్, గ్యాస్ట్రోక్నీమియస్. పరుగులోనూ జంప్‌లోనూ అడిగే ప్రశ్నల్లో చాలావరకు వీటి చుట్టూనే ఉంటాయి. రెండో సెమిస్టర్ నుంచి ప్రతి ల్యాబ్ రిపోర్టు చివర "ఈ అంకె పక్క సబ్జెక్టులో ఎక్కడ పనికొస్తుంది" అని రెండు వాక్యాలు, ఒక లెక్క రాయండి. ఆర్ లేదా పైథాన్ రెండో ఏడాదిలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కసారి కూడా చేయని లెక్కను కోడ్‌తో చేస్తే తప్పు పట్టుకోలేరు.

స్పెషలైజేషన్ విషయంలో: ఒకటి లోతుగా, ఇంకోటి ఆ రంగం పేపర్ చదివి తప్పు పట్టగలిగేంతగా. ఫిజియాలజీ మీకు ఇష్టమైతే రెండోదిగా స్టాటిస్టిక్స్ తీసుకోమంటాను. న్యూట్రిషన్ కాదు. న్యూట్రిషన్ ఫిజియాలజీతోపాటు సగం వచ్చేస్తుంది.

ఫైనల్ ప్రాజెక్టుకు మూడు సబ్జెక్టులు కలపాలన్న ఉత్సాహంతో పదిహేను వేరియబుల్స్ కొలిచే ప్లాన్ వేయకండి. ఒక ఫలితం, దానికి రెండు వైపుల నుంచి ఒక్కో కొలత, అంతే. రెండు వేర్వేరు గ్రూపుల మధ్య అర స్టాండర్డ్ డీవియేషన్ తేడా పట్టుకోవాలంటే, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు పట్టుబడేలా), గ్రూపుకు 64 మంది కావాలి. అదే మనుషుల్ని రెండు పరిస్థితుల్లో కొలిచి, తేడా దాని డీవియేషన్‌లో సగం ఉంటుందనుకుంటే 34 మంది చాలు. విద్యార్థి ప్రాజెక్టుకు రెండోదే నయం, పరిస్థితుల క్రమాన్ని లాటరీతో మార్చాలి. ఎథిక్స్ అనుమతి, సమ్మతి పత్రం, ఆరోగ్య ప్రశ్నాపత్రం చేతిలోకి వచ్చాక ముగ్గురితో మొత్తం పరీక్షను గడియారం పెట్టి నడిపించండి. ఆ ముగ్గురి డేటాతోనే రిజల్ట్స్ టేబుల్, గ్రాఫ్ గీయండి. గీయలేకపోతే ప్రోటోకాల్‌లో ఏదో కొలవడం మరిచిపోయారు. అసలు డేటా మొదలుపెట్టక ముందే దాన్ని కలపండి.